పోర్టికోలో జాకీ మీద నుంచి పడిన స్విఫ్ట్: ఒక కేస్ స్టడీ

బండి పాత మారుతి స్విఫ్ట్, పెట్రోల్, మాన్యువల్ గేర్లు. చోటు హైదరాబాద్ తూర్పు శివారులో ఒక సొంతిల్లు, గేటు లోపల కారు పట్టేంత పోర్టికో. బ్రేక్ వేసినప్పుడల్లా వెనక ఎడమ చక్రంలోంచి గీకినట్టు చప్పుడు వస్తోంది. అదేమిటో డ్రమ్ (చక్రం వెనక, బ్రేక్ భాగాలను కప్పి ఉండే ఇనుప డబ్బా) ఊడదీసి చూద్దామని ఇంటాయన ఆదివారం పూట పని మొదలుపెట్టారు. డ్రమ్ లాగుతుండగా బండి జాకీ మీద నుంచి జారి అయిదారు అంగుళాలు కిందికి పడింది. ఆయన కుడిచేతి వేళ్ల మీద చర్మం లేచింది. అంతకు మించి ఎవరికీ ఏమీ కాలేదు.

నేను ఇళ్లకు వెళ్లి బండ్లు బాగుచేసే మెకానిక్‌ని. ఇలాంటి ఫోన్లు అప్పుడప్పుడు వస్తూనే ఉంటాయి. అవతలి వాళ్ల మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "జాకీ ఫెయిలైందన్నా." ఈయన కూడా అదే అన్నారు. ఆన్‌లైన్‌లో కొన్న రెండు టన్నుల ట్రాలీ జాకీ అది, ఇంకా పెయింట్ కూడా పోలేదు. వెళ్లి చూస్తే జాకీకి ఏమీ కాలేదు. ఆయిల్ కారలేదు, చెయ్యి వంగలేదు. ఆ సాయంత్రం అదే జాకీతో అదే బండిని మళ్లీ లేపాం.

లెక్క వేస్తే కూడా అంతే. ఆ బండి మనుషులు లేకుండా 950 కిలోలు అనుకుందాం. ఇంజిను, గేర్‌బాక్సు ముందే ఉంటాయి కాబట్టి అరవై శాతం బరువు ముందు చక్రాల మీదే ఉంటుంది. వెనక ఒక్కో చక్రం మీద పడేది 190 కిలోల చిల్లర. రెండు టన్నుల జాకీకి అది పదో వంతు. అయినా జనం జాకీ కొనేటప్పుడు చూసేది టన్నులే. రెండు చాలవేమో, మూడు టన్నులది కొనాల్సిందేమో అని ఇంటాయన నన్నే అడిగారు. మూడు కాదు, పది టన్నుల జాకీ ఉన్నా ఆ రోజు ఆ బండి పడేదే. ఎందుకంటే పడక ముందు అది కదిలింది.

నేల చెప్పిన సాక్ష్యం

నేను వెళ్లేసరికి బండిని ఎవరూ ముట్టుకోలేదు. అందుకని జరిగింది జరిగినట్టు చదవడానికి వీలైంది. కుడి వెనక చక్రం వెనకాల ఆయన సగం ఇటుక ఒకటి అడ్డుపెట్టారు. ఇటుక ముందు, పార్కింగ్ టైల్స్ మీద, ఎర్రటి గీత ఒకటి సాగి ఉంది. పొడవు అంగుళంన్నర ఉంటుంది. చక్రం ఇటుకను తోసుకుంటూ అంత దూరం వెనక్కి వచ్చిందన్నమాట. ఇటుక పొడి కూడా చక్రానికీ ఇటుకకీ మధ్య కాకుండా ఇటుకకీ టైల్‌కీ మధ్యే ఎక్కువగా రాలి ఉంది. దాని మీదే ఇటుక జారింది.

జాకీ పక్కకు ఒరిగి ఉంది. దాని ముందు ఇనుప రోలర్లలో ఒకటి రెండు టైల్స్ మధ్య సందులో దిగబడి ఉంది. తలుపుల కింద పొడుగునా ఉండే రేకు అంచు, కంపెనీ వాళ్లు జాకీ పెట్టమని రెండు గాట్లు పెట్టిన చోట, వెనకవైపు సగం బయటికి మడతపడింది. ఆ మడత మీద జాకీ గిన్నె (బండికి ఆనే పైభాగం) అంచు గీసిన కొత్త గీత ఉంది. నిలువుగా కాదు, ముందు నుంచి వెనక్కి.

పోర్టికో వాలు చూడాలి కదా. పక్కింట్లో మేస్త్రీ పని నడుస్తోంది, రసమట్టం అడిగి తెచ్చాను. అయిదడుగుల దూరానికి రెండు అంగుళాల వాలు, గేటు వైపుకి. వాన నీళ్లు వీధిలోకి పోవడానికి ఇళ్ల ముందు అందరూ ఇలాగే పోయిస్తారు. కంటికి అది చదునుగానే కనిపిస్తుంది. కానీ ముప్పైకి ఒకటి వాలులో 950 కిలోల బండిని కిందికి లాగే బలం 32 కిలోలు. టైర్లు దొర్లకుండా వాటంతట అవి ఆపుకునేది సుమారుగా పది కిలోలు. మిగతా ఇరవై రెండు కిలోలను ఏదో ఒకటి పట్టి ఉంచాలి. హ్యాండ్ బ్రేక్ అయినా ఉండాలి, గేర్ అయినా ఉండాలి, కదలని అడ్డు అయినా ఉండాలి.

ఇంటాయన దగ్గర ఈ మూడూ ఒక్కొక్కటిగా ఎలా పోయాయో చెప్పడమే ఈ కేసులో అసలు సంగతి.

హ్యాండ్ బ్రేక్ ఎందుకు దించారు

లేపేటప్పుడు ఆయన అంతా సరిగ్గానే చేశారు. హ్యాండ్ బ్రేక్ లాగారు, చక్రం నేల మీద ఉండగానే వీల్ పానాతో నట్లు వదులు చేశారు, గాట్ల మధ్యే జాకీ పెట్టారు. చక్రం ఊడదీశారు. అక్కడి దాకా బండి కదల్లేదు.

డ్రమ్ రాలేదు. రాదు కూడా. వెనక డ్రమ్ లోపల బ్రేక్ షూలను (డ్రమ్‌ని లోపలి నుంచి ఒరుసుకుని ఆపే ముక్కలను) నొక్కిపట్టేదే హ్యాండ్ బ్రేక్. అది లాగి ఉన్నంతసేపు డ్రమ్ బయటికి రావాలన్నా రాదు. ఆయనకు ఆ సంగతి తెలుసు. లోపలికి వంగి లివర్ దించారు. ఆ చిన్న పనితో బండికి ఉన్న మొదటి పట్టు పోయింది. మామూలు కార్లలో హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే, రెండింటినీ ఒకే లివర్‌తో. ఎడమది వదిలితే కుడిది కూడా వదులుతుంది.

మరి గేర్? బండి న్యూట్రల్‌లో ఉంది. ఎందుకని అడిగాను.

"గేర్‌లో ఉంటే చక్రం తిరగదు కదన్నా. డ్రమ్ అటూ ఇటూ తిప్పుతూ లాగాలి, అందుకే న్యూట్రల్ చేశా."

"సార్, మీది ముందు చక్రాలు లాగే బండి. వెనక చక్రానికీ గేర్‌కీ సంబంధమే లేదు. ఫస్ట్ గేర్‌లో ఉన్నా డ్రమ్ హాయిగా తిరుగుతుంది."

ఈ పొరపాటు చాలామందిలో చూశాను. స్కూటర్ మీద, బైక్ మీద నేర్చుకున్న లెక్క కారుకి పట్టుకొస్తారు. బైకుకి గేర్ వెనక చక్రానికే కాబట్టి అక్కడ ఆ మాట నిజం. ఇక్కడ ఆ అలవాటే రెండో పట్టును తీసేసింది. మిగిలింది ఆ సగం ఇటుక.

హ్యాండ్ బ్రేక్ దించగానే బండి పోలేదు. అదే ప్రమాదం. అప్పుడే కదిలి ఉంటే ఆయన గబుక్కున లివర్ లాగేవారు. ఇటుక కాసేపు ఆపింది, జాకీ గిన్నెకీ రేకుకీ మధ్య రాపిడి కాసేపు ఆపింది. దాంతో ధైర్యం వచ్చింది. డ్రమ్ బిగుసుకుపోయి ఉంటే చుట్టూ సుత్తితో తట్టడం మొదలుపెట్టారు. ఒక్కో దెబ్బకీ బండి వణుకుతుంది, ఒక్కో వణుకుకీ ఇటుక కొంచెం కొంచెంగా జరుగుతుంది. తర్వాత రెండు చేతులతో పట్టుకుని గట్టిగా తన వైపు లాగారు. ఆ లాగుడుతో బండి పోయింది.

జాకీ పక్క నుంచి పెట్టినప్పుడు

ట్రాలీ జాకీ గురించి ఒక మాట, ఎందుకంటే దాన్ని కొన్నవాళ్లలో చాలామందికి అది చక్రాల మీద ఎందుకు ఉంటుందో తెలియదు. మోసుకుపోవడానికి తేలిక అనుకుంటారు. కాదు. జాకీ చెయ్యి ఒక కీలు మీద లేస్తుంది కాబట్టి గిన్నె నిటారుగా పైకి పోదు, వంపు తిరుగుతూ పోతుంది. పైకి పోయేకొద్దీ గిన్నె మన వైపుకి, అంటే హ్యాండిల్ వైపుకి వస్తుంది. గిన్నె మన వైపు రావాలన్నా బండి రాదు, అందుకని జాకీయే కొంచెం బండి కిందికి దొర్లాలి. అందుకే చక్రాలు. టైల్స్ సందులోనో, గరకు నేల మీదో, కంకర మీదో రోలర్ ఇరుక్కుందంటే జాకీ దొర్లదు. అప్పుడు గిన్నె రేకు మీద ఈడ్చుకుంటూ అంచుకి వచ్చేస్తుంది. బండి లేచింది కదా అని మనం చూడం. ఈ కేసులో రోలర్ సందులో పడింది, గిన్నె మధ్యలో ఉండాల్సిన రేకు అప్పటికే ఒక అంచు మీద ఉంది.

పైగా జాకీ బండికి అడ్డంగా, పక్క నుంచి పెట్టి ఉంది. దాని ముందు రోలర్లు దొర్లేది ఒకే దిక్కుకి, బండి వెడల్పు వైపుకి. బండి మాత్రం పొడుగు వైపు, గేటు దిక్కుకి కదిలింది. ఆ దిక్కుకి జాకీ దొర్లలేదు, ఒరగడమో జారడమో తప్ప దానికి దారి లేదు. రేకు మీద ముందు నుంచి వెనక్కి పడిన గీత అదే.

బండి కింద ఉన్న టైరు

ఆయన వాళ్ల అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, ఫోన్ లైటు పట్టుకుని పక్కన కూర్చున్నాడు. చక్రం ఊడదీయగానే "నాన్నా, దీన్ని కిందకి తోసేద్దాం" అని చెప్పి రేకు అంచు కిందికి పడుకోబెట్టింది వాడే. హైవే మీద పంక్చర్ షాపుల వాళ్లు స్టెప్నీని అలా తోయడం చూశాడట.

బండి వచ్చి ఆ టైరు మీద ఆగింది. 165 మిల్లీమీటర్ల వెడల్పు టైరు, పడుకోబెడితే ఆరున్నర అంగుళాల ఎత్తు. రేకు అంచు అంత ఎత్తులో ఆగిపోయింది కాబట్టి డ్రమ్ నేలకు కొట్టుకోలేదు, బ్రేక్ పైపు తెగలేదు, డ్రమ్ వెనక ఉన్న ఆయన వేళ్లు గీరుకుని బయటపడ్డాయి. టైరు లేకపోతే ఆ వేళ్లు డ్రమ్‌కీ నేలకీ మధ్య ఉండేవి. అందుకే ఎవరికి చెప్పినా ముందు ఇదే చెబుతాను: ఊడదీసిన చక్రాన్ని గోడకు ఆనించొద్దు, బండి కిందకే తోయండి. పైసా ఖర్చు లేదు. అలాగని టైరు ఉంది కదా అని స్టాండ్ (లేపిన బండిని మోసే ఇనుప కాలు) మానేయొద్దు. మనిషి కింద పడుకుని ఉంటే ఆరున్నర అంగుళాల సందు ఛాతీకి చాలదు.

బండిని ఎలా ఎత్తాం

పడిన బండిని మళ్లీ లేపేటప్పుడు తొందరపడితే మొదటిసారి తప్పిన దెబ్బ రెండోసారి తగులుతుంది. అప్పటికే పక్కింటాయన, ఆ మేస్త్రీ, ఇంకో ఇద్దరు వచ్చి "నలుగురం పట్టి లేపుదామన్నా" అంటున్నారు. వద్దన్నాను. ఎత్తినవాళ్లలో ఒకరి చెయ్యి జారినా మిగతావాళ్ల కాళ్లు కింద ఉంటాయి.

మొదట హ్యాండ్ బ్రేక్ లాగాం. ఎడమ డ్రమ్ సగం బయటికి వచ్చినా కుడి వెనక చక్రం నేల మీదే ఉంది కాబట్టి అది పట్టింది. ఫస్ట్ గేర్‌లో పెట్టాం. రెండు ముందు చక్రాలకీ ముందూ వెనకా చెక్క దిమ్మెలు కొట్టాం. నా దగ్గర ఉన్నవి చక్రం ఒంపుకి సరిపోయేలా ఏటవాలుగా కోసిన వేప దిమ్మెలు, అడుగున పాత ట్యూబు ముక్క మేకులతో కొట్టి ఉంటుంది. ఆ రబ్బరు వల్ల నున్నటి టైల్ మీద కూడా జారవు. ఇటుకను తీసి గేటు అవతల పెట్టాను.

తర్వాత జాకీ పక్క నుంచి కాదు, వెనక నుంచి పెట్టాం, బండి పొడుగు దిక్కుకే. గిన్నె మీద చెక్క ముక్క వేసి, వెనక ఇరుసు మీద స్ప్రింగ్ కూర్చునే గట్టి చోట ఆనించాం. రోలర్ల కింద పాత ప్లైవుడ్ పలక, సందుల్లో పడకుండా. రెండు మూడు పంపులకు బరువు ఎత్తుకోగానే ఆగి, చుట్టూ తిరిగి, దిమ్మెలు కదిలాయా, గిన్నె మధ్యలోనే ఉందా అని చూశాం. టైరు మీద నుంచి బండి లేచాక ఆ టైరును చేత్తో కాకుండా జాకీ రాడ్డుతో బయటికి తోశాం. డ్రమ్ లోపలికి నొక్కి, చక్రం బిగించి, బండి దించాం.

పని మళ్లీ మొదటి నుంచి

నేను వచ్చేశాను కాబట్టి డ్రమ్ నేనే ఊడదీస్తానన్నాను. ఇంటాయన ఒప్పుకోలేదు. "చూస్తాను, చెబుతూ ఉండు, నేనే చేస్తా" అన్నారు. మంచిదే. ఇంట్లో పని చేసుకునేవాళ్లు మానేయాలని నేనెప్పుడూ అనను, సరిగ్గా చేస్తే చాలు.

ముందు చోటు. మెట్ల వైపు నాలుగడుగులు దాదాపు చదునుగా ఉంది, కానీ ఆ పక్కన సంపు ఉంది. మన వైపు ఇళ్లలో నీళ్ల సంపు ఎక్కువగా పోర్టికో కిందే కడతారు. మూత మీద మట్టి, టైల్స్ కప్పేస్తే ఎక్కడుందో కొత్తవాళ్లకు తెలియదు. కారు చక్రం అంటే బరువు టైరు వెడల్పుకి పంచుకుంటుంది. జాకీ రోలరు, స్టాండ్ కాలు అలా కాదు, బరువంతా అంగుళం చోటు మీద మోపుతాయి. మూత మీద అసలు పెట్టకూడదు, సంపు స్లాబ్ మీద కూడా పెట్టకపోవడమే మంచిది. మేము బండిని ముందుకి తోసి, సంపుకి ఈ పక్కకి వచ్చేలా చూసుకున్నాం. ఇంకో మాట: వీధిలో తారు రోడ్డు మీద చేసేవాళ్లు మే నెల మధ్యాహ్నం చేయొద్దు. మెత్తబడిన తారులో స్టాండ్ కాలు మెల్లగా దిగిపోతుంది. తప్పనిసరైతే కింద మందపాటి ప్లైవుడ్ వేయాలి.

తర్వాత స్టాండ్లు. ఆయన దగ్గర లేవు, నా దగ్గరవి వాడాం. జాకీ లేపడానికి, స్టాండ్ మోయడానికి. ఇది ఎంత చెప్పినా జనానికి ఎక్కదు, ఎందుకంటే జాకీ మీద బండి నిలబడే ఉన్నట్టు కనిపిస్తుంది. ట్రాలీ జాకీలో బరువును ఆపుతున్నది లోపల ఒక చిన్న రబ్బరు సీలు, బండిని దించడానికి తిప్పే ఒక మర. అందులో చెత్త పడినా, ఎవరో హ్యాండిల్‌కి తగిలి మర అర చుట్టు తిరిగినా బండి కిందికి వచ్చేస్తుంది. కారుతో వచ్చే కత్తెర జాకీ ఇంకా బలహీనం. అది దారిలో టైరు మార్చడానికి ఇచ్చింది. దాని మీద ఆధారపడి బండి కింద తల పెట్టొద్దని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది.

ఇంట్లో చేసేవాళ్లకు అసలు చిక్కు వేరే. స్టాండ్ పెట్టాల్సిన చోటూ జాకీ పెట్టాల్సిన చోటూ ఒకటే, గాట్ల మధ్య. అక్కడ జాకీ ఉంటే స్టాండ్ ఎక్కడ పెట్టాలి? చాలామంది ఇక్కడే విసిగిపోయి స్టాండ్ మానేస్తారు. దీనికి దారి ఏమిటంటే లేపేది ఒక చోట, మోసేది ఇంకో చోట. వెనక పనికి జాకీ ఇరుసు మీద స్ప్రింగ్ చోటున పెట్టి లేపి, స్టాండ్ గాట్ల దగ్గర రేకు అంచు కింద పెట్టాలి. ముందు పనికి జాకీ ఇంజిను కింది క్రాస్ మెంబర్ (అడ్డంగా ఉండే గట్టి ఇనుప దూలం) కింద, స్టాండ్ మళ్లీ గాట్ల దగ్గర. ఏ బండికి ఎక్కడ ఆనించవచ్చో మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది, అది చూడకుండా పెట్టొద్దు. ఆయిల్ ఛాంబర్ కింద, గేర్‌బాక్సు కింద, రేడియేటర్ కిందున్న పట్టీ కింద జాకీ పెట్టినవాళ్లను చూశాను. ఆయిల్ ఛాంబర్ పగిలితే అయ్యే ఖర్చుతో స్టాండ్లు నాలుగు జతలు కొనొచ్చు.

ఆ స్విఫ్ట్‌కి గాట్ల మధ్య వెనక సగం మడతపడినా ముందు సగం తిన్నగానే ఉంది. స్టాండ్ తల మీద మధ్యలో గాడి ఉన్న రబ్బరు దిమ్మె వేసి, రేకు అంచు ఆ గాడిలో కూర్చునేలా అక్కడ పెట్టాం. గాడి లేకుండా ఇనుము మీద ఇనుము పెడితే రేకు నలుగుతుంది, నలిగిన రేకు జారుతుంది. స్టాండ్ మీదికి బరువు దించాక జాకీని పూర్తిగా తీసేయలేదు, ఊరికే తగిలేంత ఎత్తులో వదిలేశాం. టైరు మళ్లీ కిందికి తోశాం.

అప్పుడు ఆయన్ని పిలిచి, "సార్, బండి ఒకసారి గట్టిగా ఊపండి" అన్నాను. భయపడ్డారు. "పడితే?" అన్నారు. పడేదైతే ఇప్పుడే పడాలి, కింద ఎవరూ లేనప్పుడు. సుత్తి దెబ్బలకూ డ్రమ్ లాగుడుకూ ఎంత బలం వాడతామో అంతకంటే ఎక్కువ బలంతో ఊపాలి, బంపర్ పట్టుకుని అటూ ఇటూ, ముందుకూ వెనక్కీ. కిర్రుమనకుండా, స్టాండ్ కాళ్లు నేల మీద జరగకుండా నిలబడితేనే పని మొదలుపెట్టాలి. నిలబడింది.

హ్యాండ్ బ్రేక్ ఇప్పుడు దించారు. బండి ఫస్ట్ గేర్‌లో, ముందు చక్రాలకు నాలుగు దిమ్మెలు. డ్రమ్ అరగంటలో వచ్చింది. ఒక షూ లైనింగ్ మొత్తం అరిగిపోయి దాని కింది ఇనుము డ్రమ్‌ని గీకుతోంది. రెండు పక్కలా షూలు మార్చాం, అందులో చెప్పుకోవాల్సింది ఏమీ లేదు. నట్లు ఎదురెదురుగా బిగించి, బండి దిగాక టార్క్ రెంచ్‌తో (బిగింపు ఎంతో కొలిచే పానాతో) మాన్యువల్ చెప్పిన అంకెకు సరిచూశాం. కారు నేల మీద ఉండగా చివరి బిగింపు, గాల్లో ఉండగా కాదు.

ఇదే పని ముందు చక్రాలకైతే

ఇంటాయన తర్వాత అడిగిన ప్రశ్న బాగుంది: ముందు బ్రేక్ ప్యాడ్లకు కూడా ఇంతేనా? కాదు, అక్కడ లెక్క తిరగబడుతుంది. ముందు చక్రాలు లేపితే వెనక రెండూ నేల మీదే ఉంటాయి, హ్యాండ్ బ్రేక్ పూర్తిగా పనిచేస్తుంది, దాన్ని దించాల్సిన అవసరం కూడా ఉండదు. కానీ గేర్‌ని నమ్మొద్దు. ఒక ముందు చక్రం గాల్లో, రెండోది నేల మీద ఉంటే, గేర్‌లో పెట్టినా డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక) వల్ల గాల్లో ఉన్న చక్రం ఒక వైపు తిరుగుతూ నేల మీది చక్రాన్ని రెండో వైపు దొర్లనిస్తుంది. ఆటోమేటిక్ బండిలో పార్క్‌లో పెట్టినా అంతే. కాబట్టి ముందు పనికి హ్యాండ్ బ్రేక్, వెనక చక్రాలకు దిమ్మెలు. వెనక పనికి గేర్, ముందు చక్రాలకు దిమ్మెలు. దిమ్మెలు ఎప్పుడూ నేల మీద మిగిలే చక్రాలకే, రెండు పక్కలా. లేపబోయే చక్రానికి రాయి పెట్టి మురిసిపోయేవాళ్లు కూడా ఉన్నారు, అది చక్రంతో పాటు గాల్లోకి పోతుంది.

ఎలక్ట్రిక్ హ్యాండ్ బ్రేక్ ఉన్న కొత్త బండ్లలో వెనక బ్రేక్ పనికి మెయింటెనెన్స్ మోడ్ అని వేరే ఉంటుంది. అది తెలియకుండా వెనక కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను నొక్కే భాగం) ముట్టుకోవద్దు.

ఇటుకల గురించి, స్టాండ్ల గురించి

"స్టాండ్ బదులు ఇటుకలు పేర్చొచ్చు కదా" అని మేస్త్రీ అన్నాడు. వృత్తిపరంగా అతని నమ్మకం అతనిది. గోడలో ఇటుక మీద బరువు మొత్తం పరుచుకుని పడుతుంది. కారు రేకు అంచు వెడల్పు అయిదు మిల్లీమీటర్లు ఉంటుందేమో. ఇటుక మీద అది వంద మిల్లీమీటర్ల పొడవున ఆనిందనుకుంటే 500 చదరపు మిల్లీమీటర్లు. మన దేశపు ప్రమాణాల్లో అట్టడుగు తరగతి మట్టి ఇటుక బలం చదరపు మిల్లీమీటరుకి 3.5 న్యూటన్లు. గుణిస్తే 1750 న్యూటన్లు, అంటే 178 కిలోలు. వెనక చక్రం బరువే 190. ఇది మోటు లెక్కే, మంచి ఇటుక ఇంకా మోస్తుంది. కానీ మన చేతిలో ఉన్నది ఏ తరగతిదో ఎవరికి తెలుసు? పైగా ఇటుక వంగి, చప్పుడు చేసి, హెచ్చరించి విరగదు. ఒక్కసారిగా చీలిపోతుంది. బోలు సిమెంట్ బ్రిక్ ఇంకా ఘోరం. ఏదైనా పేర్చాల్సి వస్తే అడ్డంగా నిలువుగా పేర్చిన గట్టి కర్ర దిమ్మెలు నయం. కర్ర నలుగుతుంది, పగలదు.

స్టాండ్లు కొనేటప్పుడు కూడా ఒకటి చూడాలి. డబ్బా మీద మూడు టన్నులు అని ఉంటే అది ఒక్క స్టాండ్‌కా, జతకా? చాలా కంపెనీలు జతకే రాస్తాయి. చిన్న కారుకి ఎలాగూ చాలు, పెద్ద ఎస్‌యూవీ ఉన్నవాళ్లు చదువుకుని కొనాలి. రెండో సంగతి తాళం. పళ్ల పట్టీ, దాన్ని పట్టే నాలుక ఉండే రకం ఉంది. రంధ్రాల్లోంచి పిన్ను దూర్చే రకం ఉంది. పిన్ను రకం ఎత్తు సర్దడం విసుగే, కానీ పిన్ను అటు వైపు బయటికి వచ్చిందా లేదా కంటికి కనిపిస్తుంది. నాలుక రకంలో పన్ను సగమే పట్టినా పట్టినట్టే అనిపిస్తుంది.

2020లో అమెరికాలో జరిగింది ఇదే. హార్బర్ ఫ్రైట్ దుకాణాలు అమ్మిన పిట్స్‌బర్గ్ బ్రాండ్ మూడు టన్నుల, ఆరు టన్నుల స్టాండ్లను పెద్ద ఎత్తున వెనక్కి పిలిచారు. తయారీ అచ్చులు అరిగిపోయి, నాలుక పళ్ల మీద ఉండాల్సినంత లోతుగా కూర్చోకపోవచ్చని, బరువు మీద ఉండగా స్టాండ్ కిందికి దిగిపోవచ్చని చెప్పారు. వాటి బదులు ఇచ్చిన వాటిలో కూడా కొన్నింటిని వెల్డింగ్ లోపమని అదే ఏడాది మళ్లీ పిలిచారు. అక్కడ ఉన్న మన వాళ్లలో ఆయిల్, బ్రేకులు గ్యారేజీలో సొంతంగా మార్చుకునేవాళ్లు చాలామంది, పాత స్టాండ్లు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతుంటాయి. అలా వచ్చినవి ఉంటే స్టిక్కర్ మీద ఐటెం నంబరు ఒకసారి చూసుకోవాలి. నాలుక రకం స్టాండ్ ఏదైనా, బరువు దించిన తర్వాత దాని లివర్ కిందికి నొక్కి, పన్ను పూర్తిగా పట్టిందో లేదో లైటు వేసి చూడాలి.

ఆ తర్వాత

ఇంటాయన పిన్ను రకం స్టాండ్లు ఒక జత, గాడి ఉన్న రబ్బరు దిమ్మెలు రెండు తెప్పించారు. మొత్తం కలిపి మూడు వేల లోపే అయ్యాయి. అడ్డు దిమ్మెలు ఆ మేస్త్రీ దగ్గర మిగిలిన సెంట్రింగ్ చెక్కతో కోయించారు. కారుతో వచ్చిన కత్తెర జాకీని డిక్కీలోంచి తీసి, పని చేసేటప్పుడు చేతికందే చోట పెట్టుకోమన్నాను. బండి ఎవరి మీదైనా పడితే పడిన జాకీ కిందే ఇరుక్కుని ఉంటుంది, రెండోది వెతుక్కునే టైం ఉండదు. అదే కారణంగా ఇంట్లో ఎవరూ లేనప్పుడు బండి లేపొద్దని కూడా చెప్పాను. పక్కన ఉన్నవాళ్లకు తెలియాల్సింది మూడే: రెండో జాకీ ఎక్కడుంది, దాన్ని ఎక్కడ ఆనించాలి, 108కి ఎప్పుడు చేయాలి. ఇరుక్కున్నవాళ్లను లాగకముందే చేయాలి.

మడతపడిన రేకు అంచును ప్లయర్‌తో, సుత్తితో తిన్నగా చేశాం. పెయింట్ లేచిన చోట వదిలేస్తే రెండు వానాకాలాల్లో తుప్పు పట్టి ఆ చోటు జాకీకి పనికిరాకుండా పోతుంది. అందుకని గీకి, రెడాక్సైడ్ రెండు పూతలు వేసి, పైన అండర్ కోటింగ్ కొట్టాను. మడత పూర్తిగా పోలేదు, కాబట్టి ఆ వెనక సగం మీద ఇక జాకీ గానీ స్టాండ్ గానీ పెట్టొద్దని పసుపు పెయింట్‌తో గుర్తు పెట్టాం. తర్వాతి సర్వీస్‌లో ఎవరైనా తెలియక అక్కడే ఆనిస్తారని నా అనుమానం, అందుకే సర్వీస్ పుస్తకం మొదటి పేజీలో కూడా రాయించాను.